నీలం తలుపుల మజిలీ

పోయిన వారం మ్యాపులమ్మను ఒక ఎర్రసిరా ప్రశ్న ముందు నిలబెట్టి వదిలేశాం. ఆరు రోజుల ప్రయాణం అది: రెండు రోజులు కొండలు, రెండు రోజులు సరస్సులు, రెండు రోజులు సముద్రతీరం. రిటైరైన లెక్కల టీచరు కోసం వేసిన ఆరో ప్లాను. మొదటి ఐదూ తిరిగొచ్చినట్టే అదీ తిరిగొచ్చింది. కాకపోతే ఈసారి మార్జిన్లో ఒకే ఒక్క వాక్యం: ‘నీలం తలుపుల టీ కొట్టు ఏది?’

ఆ కొట్టు భూమ్మీద ఎక్కడా లేదు. మ్యాపులమ్మకి ఆ సంగతి ఖాయంగా తెలుసు. దాన్ని పుట్టించింది తనే.

మ్యాపులమ్మ అన్నది డ్రైవర్లు పెట్టిన పేరు. అసలు పేరుతో ఆఫీసులో ఎవరూ పిలవరు. ఆమె బాబాయి నడిపే టూర్ల ఆఫీసులో మెట్లెక్కగానే కుడిపక్క బల్ల ఆమెది. ఏ ప్రయాణానికైనా ముందు ఆమె చేత్తో రూట్ పుస్తకం రాస్తుంది. రోజూ పొద్దున బయల్దేరేటప్పుడు మీటరు సున్నా చెయ్యాలి. అక్కణ్ణుంచి ఎన్నో కిలోమీటరులో మలుపు, ఎక్కడ గుంత, ఎక్కడ ఆగితే సరస్సు బాగా కనిపిస్తుంది, అన్నీ అందులో ఉంటాయి. ఒక డ్రైవరు ఆ పుస్తకం పట్టుకుని రూటంతా తిరిగొచ్చి సంతకం పెట్టాకే దాన్ని జిరాక్సు తీస్తారు. అంతవరకూ ఉండేది ఒకే ప్రతి.

ఎదురు వీధి ఆఫీసువాళ్ళు ఈ పుస్తకాల్ని మక్కీకి మక్కీ దించుకోవడం మొదలుపెట్టాక, ఆమె ప్రతి పుస్తకంలోనూ ఒక దొంగ మజిలీ పెట్టేది. లేని జలపాతమో, లేని వంతెనో. వాళ్ళ కాగితాల్లో అది కనబడిందా, దొంగ దొరికినట్టే. ఆ మజిలీ ఏదో తెలిసేది రాసిన ఆమెకీ, నడిపే డ్రైవరుకీ, అంతే.

నీలం తలుపుల కొట్టు నాలుగేళ్ళ కిందటి దొంగ మజిలీ. అప్పుడు ఆ రూట్ చూసి రావడానికి ఒంటరిగా వెళ్ళిన డ్రైవరు ఆమె అన్నయ్య. తిరిగి రాలేదు. మూడో రోజు దారిలో, తొంభై నాలుగో కిలోమీటరు మలుపు దగ్గర, సరస్సులో కారు దొరికింది. అన్నయ్య దొరకలేదు. పుస్తకమూ దొరకలేదు. ఆ మలుపు పక్కన తను రాసిన మాటలు మాత్రం మ్యాపులమ్మకి కంఠతా వచ్చు: ‘రోడ్డు బాగుంది. వేగం తగ్గించనక్కర్లేదు.’ వానలు వెలిశాక ఒకసారి చూసి రాయాల్సింది. చూడలేదు. పాత పుస్తకంలోంచి దించేసింది.

ఆ తర్వాత ఆమె దొంగ మజిలీలు మానేసింది. ఆ ఒక్క పాపమే చాలన్నట్టు.

*

మంగళవారం మధ్యాహ్నం. గురువారం తెల్లారగానే వ్యాను బయల్దేరాలి.

“ఏడోదా? అమ్మాయ్, ఏడో ప్లానా?” బాబాయి తన గది గుమ్మంలోంచి అరిచాడు. “నలుగురు మనుషుల్ని ఆరు రోజులు తిప్పడానికి ఏడు ప్లాన్లేంటి? ఊళ్ళు కట్టడానిక్కూడా ఇన్ని గీసుండరు!”

“ఆవిణ్ణే అడుగు బాబాయ్. మొదటిదాంట్లో కొండల మీద మలుపులెక్కువంది. తగ్గించాను. అసలు కొండలే లేవేంటంది. మూడోదాంట్లో సరస్సు దగ్గరికెళ్ళేసరికి ఎండ కళ్ళల్లో పడుతుందంది. నాలుగోది మరీ పెందలాడే లేవాలంది. ఐదోదాంట్లో కూడికలో నాలుగు కిలోమీటర్లు తేడా ఉందంది.”

“ఉందా?”

మ్యాపులమ్మ పళ్ళు బిగించింది. “ఉంది.”

“మరింకేం! నీదే తప్పు,” అని తేల్చేసి బాబాయి లోపలికెళ్ళిపోయాడు. ఆయన తలుపు దబ్బున పడేసరికి గోడ మీది కొండల ఫొటో పక్కకి ఒరిగింది. దాన్ని సరిచేసే ఓపిక ఎవరికీ లేదు.

ఎదురు బల్ల మీదనుంచి ఒక గులాబీ చీటీ జారి వచ్చింది.

‘ప్లానింగ్ వారికి: నాలుగో ప్రయాణికులు ఆడా, మగా? పేరు ఇంకా రాలేదు. లాడ్జివాళ్ళు గదులు ఎలా ఇవ్వాలని అడుగుతున్నారు. బుకింగ్.’

బుకింగ్ అంటే వదిన. అన్నయ్య భార్య. రెండు బల్లల మధ్యా మూడడుగుల దూరం. నాలుగేళ్ళుగా ఆ మూడడుగుల్నీ దాటి ఒక్క మాట రాలేదు. చీటీలొస్తాయి. లాడ్జి బుకింగ్ ప్యాడులోంచి చింపిన గులాబీ చీటీలు, రోజుకి పది పన్నెండు. ‘ప్లానింగ్ వారికి: ఫ్యాను తగ్గించగలరు.’ ‘ప్లానింగ్ వారికి: మీ గొడుగు కారుతోంది.’ మ్యాపులమ్మకి ఇప్పుడు వదిన గొంతు కన్నా ఆ చేతిరాతే బాగా తెలుసు. మొదట్లో ఏడ్చింది, తర్వాత బతిమాలింది, తర్వాత పోట్లాట పెట్టుకుందామని చూసింది. పోట్లాటకైనా ఎదుటి మనిషి నోరు విప్పాలి కదా. మొగుణ్ణి మింగిన పుస్తకం రాసిన చేత్తో మాట్లాడేదేముందిలే అనుకుని, తనూ చీటీలకి దిగిపోయింది.

నిన్న బాబాయి ఆ ఎర్రసిరా వాక్యాన్ని పైకి చదివినప్పుడు, వదిన చేతిలోని స్టాంపు ప్యాడు బోర్లాపడింది. ఇంకా బల్ల అంచున ఊదా మరక ఉంది.

‘తెలీదు. టీచరు ఇప్పుడొస్తుందిగా, అడుగుతాను’ అని చీటీ వెనకే రాసి మ్యాపులమ్మ అటు తోసింది.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఒక్కో అడుగూ లెక్కపెట్టి వేస్తున్నట్టుగా.

“ఇరవై మూడు మెట్లు,” అంటూ టీచరు లోపలికొచ్చింది. భుజాన బట్ట సంచి, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు. “పన్నెండోది మిగతావాటికన్నా ఎత్తు. ఎవరైనా పడేలోపు బాగుచేయించండమ్మా. ఏదీ, ఏడో ప్లాను?”

“కూర్చోండి టీచరుగారూ. ముందు నాకొకటి చెప్పండి. ఈ కొట్టు పేరు మీకెవరు చెప్పారు?”

“ప్రశ్నకి ప్రశ్న జవాబు కాదు. ముందు అడిగింది నేను.”

“టీచరుగారూ...”

“నీలం తలుపులు. టీ కొట్టు. ఏ రోజు, ఎన్నో కిలోమీటరు?”

పది రోజులుగా కూరి కూరి పెట్టుకున్నదంతా మ్యాపులమ్మకి ఒక్కసారిగా తన్నుకొచ్చింది. చేతిలోని స్కేలు బల్ల మీద ఠప్పున కొట్టింది.

“లేదండీ! ఆ కొట్టు లేదు! ఎక్కడా లేదు! ఎదుటివాళ్ళు కాపీ కొడితే పట్టుకోవడానికి నేనే కల్పించాను. ఇదిగో, ఈ బల్ల దగ్గరే కూర్చుని కల్పించాను. తలుపులకి నీలం రంగు కూడా నేనే వేశాను, పెన్నుతో. లేనిదాన్ని పట్టుకొచ్చి ప్లానులో పెట్టమంటే ఎక్కణ్ణుంచి పెట్టను?”

టీచరు ఏమాత్రం తొణకలేదు. వెనక బెంచీలో గోల సద్దుమణిగేదాకా ఆగినట్టు ఆగింది.

“అయితే పోయిన నెల నేను అందులో టీ ఎలా తాగాను?”

మ్యాపులమ్మ స్కేలు పక్కన పెట్టి, కుర్చీ ముందుకి లాక్కుంది.

“గుంపు టూరు బస్సులో వెళ్ళాను. మీది కాదులే, వేరేవాళ్ళది. మొదటి సరస్సు దాటాక పొగమంచు కమ్మేసింది. డ్రైవరు దారి తప్పాడు, పైగా టైరు పంక్చరు. కాళ్ళు చాపుకుందామని దిగితే ఎదురుగా కొట్టు. నీలం తలుపులు. కిటికీ పక్కన ఒకే బల్ల. కిటికీలోంచి చూస్తే కింద సరస్సు పళ్ళెంలో పాలు పోసినట్టుంది. అంతా బాగుంది, ఒక్క ఆ బల్ల తప్ప. కుంటిది. మోచెయ్యి ఆనిస్తే చాలు, ఇటు ఒరుగుతుంది.”

దొంగ మజిలీ రాస్తున్నప్పుడు అన్నయ్య మ్యాపులమ్మ భుజం మీదనుంచి వంగి చూసి నవ్వడం గుర్తొచ్చింది. ‘మరీ నున్నగా ఉంటే ఎవడూ నమ్మడే. బల్లకో కుంటికాలు పెట్టు.’ పెట్టింది. ‘కిటికీ పక్క బల్ల కుంటిది, జాగ్రత్త’ అని.

“కొట్టులో... ఎవరున్నారు?”

“ఒక మనిషి. గడ్డం. మాటలు తక్కువ. కానీ ఒక వింత చేశాడు. టీ తెచ్చి, ‘ఎటు వెళ్తున్నారమ్మా?’ అని అడిగాడు. తూర్పుకన్నాను. కప్పు పిడిని తూర్పుకి తిప్పి పెట్టాడు. ‘ఇలా పెడితే దారి తప్పరు’ అన్నాడు.”

అన్నయ్య చిన్నప్పటినుంచీ అంతే. ఇంట్లో ఎవరు ఎక్కడికి బయల్దేరినా వాళ్ళ కప్పు పిడి అటువైపు తిరిగేది. పరీక్షకెళ్ళేటప్పుడు మ్యాపులమ్మ కప్పు బడివైపు, పెళ్ళిచూపులకెళ్ళేటప్పుడు అన్నయ్య కప్పు వదిన వాళ్ళింటివైపు.

ఎదురు బల్ల దగ్గర పెన్ను ఆగిపోయింది. మ్యాపులమ్మ అటు చూడలేదు. చూస్తే ఏడుస్తానని భయం.

“మొదటి రోజే చెప్పొచ్చు కదండీ ఈ మాట!” గొంతు కీచుమంది. “ఆరు ప్లాన్లు! ఎండ పడుతుందనీ, పెందలాడే లేవలేననీ... ఆరు!”

“మీ అంతట మీరే పెడతారేమోనని చూశాను. జవాబు నేనే చెప్పేస్తే నీకు వచ్చో రాదో నాకెలా తెలుస్తుంది?”

“ఇదేమన్నా పరీక్షా?”

“మరి? ఆ కొట్టు మీ ఆఫీసుదేనా కాదా అని నాకు అనుమానం.” టీచరు మొదటిసారి తడబడింది. సంచిలోంచి కళ్ళజోడు పెట్టె తీసి, మూత తెరవకుండా అలాగే పట్టుకుంది. “ఇది చెప్పాలంటే సిగ్గుగా ఉందమ్మా. ముప్పై ఆరేళ్ళ సర్వీసులో బళ్ళోంచి ఒక్క సుద్దముక్క ఇంటికి తీసుకెళ్ళలేదు నేను. ఆ బల్ల కాలి కింద ఏదో కాగితం మడిచి పెట్టారు. మడత సరిగా లేదు. సరిగా మడిచి పెడదామని లాగాను. పైన మీ ఆఫీసు పేరు అచ్చేసి ఉంది. ఇంతలో బస్సు హారను కొట్టాడు. కాగితం నా చేతిలోనే ఉండిపోయింది. అంటే... దొంగతనమే.”

పెట్టె తెరిచింది. అందులో కళ్ళజోడు లేదు. నాలుగైదు మడతల కాగితం ఉంది.

మ్యాపులమ్మ దాన్ని విప్పుతుంటే మడతల దగ్గర చిరుగులు పట్టాయి. తడిసి ఆరిన కాగితం. అక్షరాలు తనవే. ‘మూడో రోజు. 118. నీలం తలుపుల టీ కొట్టు. ఆగాలి.’

“నూట పద్దెనిమిదని ఉంది సరే, ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలో లేదు,” టీచరు ఫిర్యాదు చేసింది. “మొదలు చెప్పకుండా దూరం చెబితే లెక్క ఎలా చెయ్యాలి?”

మొదలు ముందు పేజీలో ఉంటుంది. మీటరు సున్నా చేసే చోటు. ఆ పేజీ లేకపోతే ఈ అంకె ఎవరికీ పనికిరాదు, రాసినామెకి తప్ప.

తొంభై నాలుగు దగ్గర కారు నీళ్ళలో పడింది. పుస్తకం ఆ కారులోనే ఉండాలి. కానీ పేజీ నూట పద్దెనిమిదికి చేరింది. పేజీలు నడవవు. ఎవరో పట్టుకుని నడిచారు. ఇరవై నాలుగు కిలోమీటర్లు. నడిచి, అక్కడ లేని కొట్టుని కట్టారు.

“లోపల ఇంకో చీటీ కూడా ఉంది చూడు,” అంది టీచరు. “అది నేను చదవలేదు. ఒకరి ఉత్తరం చదవకూడదు.”

ఆఖరి మడతలోంచి గులాబీ చీటీ జారి బల్ల మీద పడింది.

ఆ రంగు. ఆ ప్యాడు. ఆ చేతిరాత.

‘ఈ నెల రాలేను. లాడ్జీలు చూడ్డానికెళ్తున్నానంటే బాబాయి ఇక నమ్మేలా లేడు. ఎవరో మీ గురించి అడుగుతూ తిరుగుతున్నారు. జాగ్రత్త. మీ చెల్లెలు ఇంకా తన తప్పే అనుకుంటోంది. రోజూ ఎదురుగా కూర్చుని దాని మొహం చూస్తూ చెప్పకుండా ఉండటం నా వల్ల కావడం లేదు. నోరు తెరిస్తే చెప్పేస్తాను. అందుకే తెరవడం లేదు.’

మ్యాపులమ్మ రెండుసార్లు చదివింది. మూడోసారి అక్షరాలు అలికినట్టైపోయాయి. తలెత్తింది. వదిన లేచి నిలబడి ఉంది, బల్ల అంచుని రెండు చేతులతో పట్టుకుని. ఆమెని చీల్చెయ్యాలో, వాటేసుకోవాలో మ్యాపులమ్మకి తెలియలేదు. నాలుగేళ్ళు! నాలుగేళ్ళు ఈ పెద్దమనిషి ఫ్యాను తగ్గించమని చీటీలు రాసింది!

నోరు తెరవబోయేలోపు వదినే మాట్లాడింది. తనతో కాదు. టీచరుతో.

“ఈ కొట్టు సంగతి ఇంకెవరికైనా చెప్పారాండీ?”

నాలుగేళ్ళ తర్వాత ఆ గొంతు కాస్త బొంగురుగా ఉంది.

“ఎవరికి చెప్తానమ్మా! చెబితే మాత్రం ఎవరు వింటారు? ఒక్క ఆ నాలుగో ఆయన తప్ప. మా వీధి చివర కొత్తగా దిగారు. నేను చెప్పిందే రెండోసారి చెప్పినా శ్రద్ధగా వింటారు. ఆఫీసులో అడిగి చూడండి, దారి వాళ్ళకే తెలుస్తుంది, నన్నూ తీసుకెళ్ళండి అన్నది ఆయనే. పేరు తర్వాత ఇస్తానన్నారు.”

“ఈ కాగితం చూపించారా?”

“ఛ! దొంగతనం చేశానని ఎలా చెప్పుకుంటాను? మీ ఆఫీసు పేరు మాత్రం చెప్పాను.”

“మనిషి... ఎలా ఉంటారు?”

“చక్కగా ఉంటారు. మర్యాదస్తుడు. ఎడమ చెవి తమ్మె సగం ఉండదు, పాపం. అయినా నేను చెప్పడమెందుకు, కింద కారులోనే కూర్చున్నారు. ఈ మెట్లెక్కడం ఎందుకని నేనే ఆపాను. ఉండండి, పిలుస్తాను.” ఎవరూ ఆపేలోపు టీచరు కిటికీ దగ్గరికెళ్ళి, సగం ఒళ్ళు బయటికి వంచి, క్లాసంతా వినపడేంత గొంతుతో పిలిచింది. “ఏమండోయ్! పైకి రండి! దొరికింది!”

వదిన ఒక్క అంగలో ఆ మూడడుగులూ దాటేసింది. మ్యాపులమ్మ చెయ్యి పట్టుకుంది.

“కారు పడలేదే. తోశారు,” గుసగుసగా అంది. “ఆ మలుపులో ఎవరో ఒక మనిషిని నీళ్ళలోకి దించుతున్నారు. మీ అన్నయ్య చూశాడు. చూశాడని వాళ్ళూ చూశారు. దూకి పొదల్లో పడ్డాడు కాబట్టి బతికాడు. ఇంటికొస్తే మనందర్నీ చంపుతారని రాలేదు. తోసినవాడి మొహం చీకట్లో సరిగా కనపడలేదు. ఒక్క చెవి తప్ప.”

కింద కారు తలుపు పడిన చప్పుడు.

మ్యాపులమ్మ అడగాల్సినవి వంద ఉన్నాయి. నోటికొచ్చింది మాత్రం ఒక్కటే. నాలుగేళ్ళుగా నిద్రలో కూడా అడుగుతున్నది.

“వదినా... రోడ్డు?”

“రోడ్డు బాగానే ఉందే పిచ్చిదానా.” వదిన కళ్ళు నిండిపోయాయి. “నువ్వు రాసినట్టే ఉంది. బాగానే ఉంది.”

మెట్ల మీద బూట్లు. ఒకటి, రెండు, మూడు.

గుండెల మీదనుంచి బండ దిగిందని సంతోషపడే తీరిక కూడా లేదు. ఏడుపొస్తే తర్వాత ఏడవచ్చు. మ్యాపులమ్మ తన పేజీని మడిచి స్టాంపు ప్యాడు కిందకి తోసింది. వదిన తన చీటీని బుకింగ్ చీటీల ఊచకి గుచ్చేసింది. వందల గులాబీల్లో అదొక గులాబీ.

ఏడో ప్లాను బల్ల మీద ఉంది. మ్యాపులమ్మ మూడో రోజుని వదిలేసింది. పేజీలు తిప్పి ఐదో రోజుకొచ్చింది. కొండలూ సరస్సులూ అయిపోయి, ఇసుకా ఉప్పుగాలీ తప్ప ఇంకేమీ లేని రోజు. నలభై ఒకటో కిలోమీటరు పక్కన రాసింది: ‘నీలం తలుపుల టీ కొట్టు. ఆగాలి.’

నాలుగేళ్ళ తర్వాత మొదటి దొంగ మజిలీ.

పన్నెండో మెట్టు దగ్గర బూట్లు ఒకసారి తడబడి, మళ్ళీ కదిలాయి. గుమ్మంలో పొడుగ్గా ఒక నీడ. చప్పుడు విని బాబాయి గదిలోంచి నవ్వు మొహంతో బయటికొచ్చాడు.

“రండి రండి! నాలుగో సీటు మీదేనా? మా అమ్మాయి మీ కోసమే తలబద్దలు కొట్టుకుంటోంది. అమ్మాయ్, ఇలా ఇవ్వు,” అంటూ ఆమె వేళ్ళ కిందనుంచే ప్లాను లాగి అతని చేతికిచ్చాడు.

అతను మర్యాదగా అందరికీ తలవంచాడు. తల వంచినప్పుడు ఎడమ చెవి వెలుతురులోకొచ్చింది. నిలబడే చదివాడు. మొదటి రోజు, రెండో రోజు. మూడో రోజు పేజీ మీద వేలు కాసేపు ఆగింది. తర్వాత ఐదుకొచ్చాడు.

“సముద్రం ఒడ్డునా?” మెత్తగా నవ్వాడు. “విచిత్రం. నేను ఇన్నాళ్ళూ సరస్సుల వైపు వెతుకుతున్నాను.”

“అటు ఏముందండీ,” అంది మ్యాపులమ్మ. “కొట్టు ఇక్కడే.”

అతను తల ఊపాడు. కాగితం మడవబోయాడు. వదిన ఊపిరి వదిలింది.

“ఏదీ, ఇలా ఇవ్వండి, నేనూ చూడాలి,” టీచరు కిటికీ దగ్గర్నుంచి వచ్చేసింది. అతని చేతిలోంచి ప్లాను అందుకుని, మెడలోని కళ్ళజోడు ముక్కు మీదికి తెచ్చుకుంది. ఐదో రోజు. నలభై ఒకటి. ఆవిడ కనుబొమలు మెల్లగా దగ్గరికొచ్చాయి.

వద్దన్నట్టు మ్యాపులమ్మ కళ్ళు పెద్దవి చేసింది. టీచరు ఆమెవైపు చూడలేదు. ముప్పై ఆరేళ్ళుగా ఆవిడ కాగితం చేతిలో ఉండగా మనుషులవైపు చూసి ఎరగదు.

“ఉండండుండండి,” అంటూ సంచిలో చెయ్యి పెట్టి, ఎర్ర పెన్ను బయటికి తీసి, మూత లాగింది. “ఇందులో ఒక తప్పుంది.”